కొండమీది చందమామ కెమెరాకు ఎందుకు చిక్కడు?

పున్నమినాటి సాయంకాలమున కొండకొమ్ము వెనుకనుంచి పళ్లెమంత చంద్రుడు పైకి వచ్చుచుండగా చూచి, జేబులోని ఫోనును తీసి ఫొటో పట్టనివారు ఈ దినములలో అరుదు. పట్టిన పిమ్మట దానిని చూచుకొని చిన్నబుచ్చుకొననివారు అంతకంటెను అరుదు. కంటికి అంత గంభీరముగా, చెట్టు చెట్టుగా, బండ బండగా కనబడిన కొండ ఫొటోలో నల్లని ముద్దయై పోవును. ఆ కొండపై నిండుగా నిలిచిన చంద్రుడు, తనలోని కుందేలు మాట దేవుడెరుగు, అంచులైనను తెలియని తెల్లని చుక్కయై మిగులును. ఎదుట అంత పెద్దగా, అంత చక్కగా కనబడినవాడు ఫొటోలో ఇంత చిన్నవాడై, ఇట్లు వెలవెలబోయి ఏల వచ్చెనని ప్రతివారును అడుగుదురు. ఫోను నాసిరకముదని కొందరు, తమకు చేతగాదని కొందరు సరిపెట్టుకొందురు. ఫోనుది గాని చేతిది గాని తప్పు స్వల్పమే. ఈ ప్రశ్నలో రెండు ఫిర్యాదులు కలసియున్నవి: ఒకటి చంద్రుని పరిమాణమును గూర్చినది, రెండవది చంద్రుని వెలుగును గూర్చినది. మొదటిదానికి సమాధానము సులభము. రెండవదానికి సమాధానము కావలెనన్న చంద్రుడనగా ఏమి, వెన్నెల యనగా ఏమి యను దానివరకు పోవలసియుండును.

చంద్రుని వెడల్పు

చంద్రుని వ్యాసము 3,474 కిలోమీటర్లు. భూమినుంచి అతని సగటు దూరము 3,84,400 కిలోమీటర్లు. దూరమును వ్యాసముచే భాగించిన సుమారు 110 వచ్చును. అనగా చంద్రుడు తన వెడల్పునకు 110 రెట్ల దూరమున ఉన్నాడు. ఈ సంఖ్యను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరుచున్నాను. ఫొటో పట్టువానికి చంద్రుని విషయమున ఇంతకంటె ఉపయోగపడు సంఖ్య మరియొకటి లేదు. చేయి చాచి, రెండు వ్రేళ్ల నడుమ ఒక బఠాణీగింజను పట్టి, ఒక కన్ను మూసి చూచినచో నిండుచంద్రుడు దాని వెనుక మరుగుపడును. కొండపై అప్పుడే ఉదయించిన చంద్రుని ఇట్లు కొలిచి, అర్ధరాత్రివేళ నడినెత్తికి వచ్చిన చంద్రుని మరల కొలిచినచో, రెండు వేళలయందును ఆ గింజయే సరిపోవును. నిజమునకు దిగంతమున ఉన్నప్పుడు చంద్రుడు మనకు భూమి వ్యాసార్ధమంత, అనగా సుమారు 6,400 కిలోమీటర్లు, ఎక్కువ దూరమున ఉండుటచే వెంట్రుకవాసి చిన్నగానే ఉండును. పెద్దగా తోచుట కేవలము భ్రాంతి. 11వ శతాబ్దపు అరబ్బు శాస్త్రజ్ఞుడు ఇబ్న్ అల్ హైతమ్ ఈ భ్రాంతి ఆకాశమునందు గాక, దూరములను అంచనా వేయు మన బుద్ధియందే పుట్టుచున్నదని వివరించెను. బుద్ధి దానిని ఏ విధమున కల్పించునను విషయమై పండితులలో వాదము నేటికిని తెగలేదు. కెమెరాకు ఆ బుద్ధి లేదు గనుక ఆ భ్రాంతియు లేదు.

అయినచో కెమెరాలో చంద్రుడు ఎంత వెడల్పున పడును? దూరపు వస్తువు యొక్క బింబము స్పష్టముగా ఏర్పడుటకు కటకము వెనుక ఎంత దూరము కావలెనో దానిని నాభ్యంతరమందురు. ఫొటోగ్రాఫరుల వాడుకలో అదియే ఫోకల్ లెంగ్త్. ఆ నాభ్యంతరమును 110 చే భాగించినచో చంద్రబింబపు వెడల్పు వచ్చును. చిరకాలముగా సామాన్య కెమెరాలలో వాడుకపడిన 50 మిల్లీమీటర్ల లెన్సు, 36 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిల్ముపై అర మిల్లీమీటరు కూడ లేని చంద్రుని వ్రాయును. 500 మిల్లీమీటర్ల లెన్సు నాలుగున్నర మిల్లీమీటర్ల చంద్రుని వ్రాయును. ఫోనులోని ప్రధాన కటకపు నాభ్యంతరము కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే గనుక అందులో చంద్రుడు సూదిమొనకంటె మించడు.

ఇక చంద్రుడు కొండపై భారీగా కనబడవలెనన్న చేయవలసినదేమి? చంద్రుని పెంచు ఉపాయము లేదు. కొండను తగ్గించు ఉపాయము కలదు. మనము కొండనుంచి వెనుకకు నడచినకొలది కొండ చిన్నదగును గాని, అంత దూరమున ఉన్న చంద్రుడు మారడు. ఆరడుగుల మనిషి కొండకొనపై నిలిచియుండగా 200 మీటర్ల దూరమునుంచి చూచినచో, ఆ మనిషి ఎత్తును చంద్రుని వెడల్పును సమానమగును. ఇక్కడ పనిచేయుచున్నదియు మరల ఆ 110 అను సంఖ్యయే. అట్లు దూరముగా పోయి, పొడవైన లెన్సుతో దగ్గరకు లాగినప్పుడు మనిషి వెనుక అంతటి చంద్రుడు నిలుచును. దీని కొరకు పటములను ముందుంచుకొని, ఏ పొలములో, ఏ గట్టుపై నిలిచిన చంద్రుడు సరిగా శిఖరము వెనుకకు వచ్చునో దినముల తరబడి లెక్కించువారు కలరు. వారి శ్రమను తలచినప్పుడు, ఎక్కడిదో ఒక చంద్రుని కత్తిరించి తెచ్చి మరియెక్కడి కొండపైననో అతికించు పద్ధతి నాకు బాధ కలిగించును. అట్టి చిత్రములలో చంద్రునిపై ఎండ ఒక వైపునుంచి, కొండపై ఎండ మరియొక వైపునుంచి పడుచుండుటయే తరచుగా వాని గుట్టును బయటపెట్టును.

ఎండలో ఉన్న రాయి

ఇప్పుడు రెండవ ఫిర్యాదు. మిట్టమధ్యాహ్నమువేళ తలుపులు బిగించి, దీపము లేని గదిలో కూర్చుండి, ఒక్క కిటికీ రెక్క తెరచి బయటకు చూచుచున్నామని అనుకొందము. పెరటిలో ఎండపడుచున్న ఒక బండ ఆ కిటికీలోనుంచి కనబడుచున్నది. గదిలోని మంచము, గోడనున్న పటము మసక మసకగా తెలియుచున్నవి. మన కన్ను చతురమైనది. బండను చూచునప్పుడు కనుపాపను ముడుచుకొని, గదిని చూచునప్పుడు విప్పుకొని, రెంటిని కలిపి ఒకే దృశ్యముగా మనకు అందించును. ఈ గదిని ఫొటో తీయబోయినచో మంచము కనబడునంతసేపు కెమెరా తెరచియుంచవలెను. అంతలో కిటికీలోని బండ మితిమీరిన వెలుగుచే తెల్లబడి రూపుమాయును. బండ చక్కగా రావలెనని త్వరగా మూసినచో గది చీకటిగుయ్యారమగును. తప్పు కెమెరాది గాదు, గది ఇంట చీకటిలోను, బండ పెరటి ఎండలోను ఉండుటదే.

చంద్రుడు ఆ బండయే. పోలికకు మాత్రమే ఇట్లనుట లేదు. చంద్రుడు స్వయముగా వెలుగునది గాని, చల్లని కాంతిని తనలో దాచుకొన్నది గాని కాదు. సూర్యుని ఎండలో, మేఘమన్నది ఎరుగని ఎండలో ఉన్న రాతిగోళము. అదియును తెల్లని రాయి కాదు. తనపై పడిన ఎండలో నూటికి సుమారు 12 పాళ్లు మాత్రమే వెనుకకు మళ్లించును. పాతబడిన తారురోడ్డు నలుపునకు అది దగ్గర. నల్లని ఆకాశము చుట్టును ఆవరించియుండుట చేతనే మనకు అది వెండివలె తోచుచున్నది. కావున చంద్రుని ఫొటో తీయుట యనగా పట్టపగలు ఒక నల్లరాతిగుట్టను ఫొటో తీయుట యన్నమాట. ఫొటోగ్రాఫరులలో పరంపరగా వచ్చుచున్న సూత్రము దీనినే చెప్పును: ఫిల్ము వేగము 100 అయినచో, కటకపు ద్వారమును ఎఫ్/11 వద్ద నిలిపి, నిండుచంద్రుని సెకనులో నూరవవంతు కాలము చూపవలెను. రాత్రివేళ తీయు ఫొటోకు నూరవవంతు సెకను చాలునన్న వినువారు తెల్లబోవుదురు. చంద్రుని వద్ద అది రాత్రివేళ కాదని తెలిసినప్పుడు ఆశ్చర్యము తొలగును.

చంద్రుని క్రిందనున్న కొండ సంగతి వేరు. దానిపై పడుచున్నది వెన్నెల. నిండు పున్నమి వెన్నెల, నడిపగటి ఎండకంటె సుమారు 4 లక్షల రెట్లు తక్కువ. ఎండలో నూరవవంతు సెకనున ఫొటోకు ఎక్కు కొండ, ద్వారమును మార్చకున్నచో, వెన్నెలలో ఎక్కుటకు గంటకు పైగా పట్టును. నూరవవంతు సెకను కోరు చంద్రుడొకవైపు, గంటకాలమును కోరు కొండ యొకవైపు. ఈ ఇరువురిని ఒకే చట్రములో, ఒకే తెరపులో తృప్తిపరచుట ఎట్లు? ఫిల్ము గాని, నేటి కెమెరాలలోని కాంతిఫలకము గాని చీకటి వెలుగుల నడుమ కొన్ని వేల రెట్ల అంతరమును సహించునే గాని లక్షల రెట్ల అంతరమును సహింపలేదు. ఫోను కొండను గాని చంద్రుని గాని విడువక తప్పదు. సాధారణముగా రెంటిని మధ్యస్థముగా చూడబోయి రెంటిని చెరచును.

చంద్రుని ఎండ తగ్గించుట మన వశము గాదు గనుక, కొండకును ఎండ దొరకు వేళ చంద్రుని పట్టుకొనుటయే మార్గము. ఈ మార్గమును లోకమునకు మరపురాని విధమున చూపిన చిత్రము ఒకటి కలదు.

హెర్నాండెజ్ గ్రామమున

అమెరికా దేశపు నైరుతిభాగమున న్యూ మెక్సికో రాష్ట్రము కలదు. 1941లో శరత్తు చివరి దినములలో, పర్వతదృశ్యములను చిత్రించుటలో అప్పటికే పేరుగన్న ఆన్సెల్ ఆడమ్స్, మిత్రునితోడను కుమారునితోడను చామా లోయనుంచి సాంటా ఫే నగరమునకు కారులో మరలుచుండగా, రోడ్డుప్రక్కన హెర్నాండెజ్ అను కుగ్రామము కనబడెను. మట్టిగోడల ఇండ్లు, ఒక చిన్న ప్రార్థనామందిరము, దాని చెంత శ్మశానము, శ్మశానమున తెల్లని సిలువలు. దూరమున మంచుపట్టిన పర్వతములు. వానిపై, రెండు దినములలో నిండనున్న చంద్రుడు. వెనుక పడమట సూర్యుడు మేఘపుటంచునకు చేరుచుండగా, కడపటి కిరణములు సిలువలను తాకి మెరిపించుచున్నవి. ఆడమ్స్ కారును నిలిపి, ఎనిమిదింటికి పదియంగుళముల ఫిల్ము పట్టు పెద్ద కెమెరాను హుటాహుటి నిలబెట్టించెను. వెలుగును కొలుచు మీటరు మాత్రము ఎంత వెదకినను చేతికి దొరకలేదు.

ఆ క్షణమున ఆయనకు అక్కరకు వచ్చినది చంద్రుని గూర్చిన ఒక్క సంఖ్య. చంద్రతలపు వెలుగు చదరపు అడుగునకు 250 క్యాండిళ్లని ఆయన ఎరుగును. ఊరిమీది ఎండ క్షణక్షణమును తగ్గిపోవుచుండును, మేఘమును మంచును దినదినమును మారును. చంద్రుని మీది ఎండ మారదు. చంద్రుడే ఆయనకు మీటరయ్యెను. పూర్తి నలుపు మొదలు పూర్తి తెలుపు వరకు వెలుగును మెట్లుగా విభజించు తన పద్ధతిలో, తెలుపునకు చేరువగా ఉండియు వివరము చెడని ఏడవ మెట్టుపై చంద్రుని నిలిపి, ఫిల్ము వేగమునుబట్టియు, కటకమునకు తొడిగిన ముదురు పసుపు అద్దము మ్రింగు వెలుగునుబట్టియు మనస్సులోనే గుణించి, ద్వారము ఎఫ్/32, కాలము ఒక సెకను అని నిర్ణయించెను. మారుఫొటో ఒకటి తీసియుంచుకొందమని ఫిల్ముపెట్టెను త్రిప్పునంతలో సిలువలమీది ఎండ మాయమయ్యెను. అందుచే ఆ దృశ్యమునకు నెగటివు ఒక్కటియే.

ఆ నెగటివులో ఊరి భాగము పలుచన. చంద్రుని కాపాడుటకు నేలను కొంత చీకటిలో విడువక తప్పలేదు. ఆడమ్స్ దానిని జాగ్రత్తగా కడిగి, 1948లో క్రిందిభాగమునకు మాత్రము రసాయనముచే మరల బలము చేకూర్చెను. తొలినాటి ప్రతులలో ఆకాశమున పలుచని మేఘరేఖలు కానవచ్చును. సంవత్సరములు గడచినకొలది ఆయన ఆకాశమును నలుపుచేయుచు పోయి, కడకు కాటుకవంటి ఆకాశమున చంద్రుని నిలిపెను. ఇది సత్యమును మార్చుట కాదాయని అడుగువారు కలరు. కెమెరా పట్టినది సాయంకాలమునే; చూచినవారు దానిని రాత్రిదృశ్యమని భ్రమపడుదురు. అయినను చంద్రుడు, కొండ, ఊరు ఒకే తెరపులో, ఒకే సెకనులో కలిసినవే. లేనిది ఏదియు అందులో చేర్చబడలేదు. ఈ కారణముచేత నేను దానిని సత్యచిత్రముగానే భావింతును.

ఆడమ్స్ తేదీల విషయమున శ్రద్ధలేనివాడు. ఈ చిత్రమునకు 1940 మొదలు 1944 వరకు పలు సంవత్సరములను వ్రాసెను. కాని చిత్రములో చంద్రుడున్నాడు. చంద్రుడు రెండు నిమిషములలో ఆకాశమున తన వెడల్పంత మేర జరుగును. కొండలపై అతని ఎత్తు, దిక్కు, కళ తెలిసినచో తేదీతోపాటు గడియయు తెలియవలెను. ఖగోళజ్ఞుడు డేవిడ్ ఎల్మోర్ మొదట దీనిని లెక్కించి 1941 అక్టోబరు 31 అని తేల్చెను. పిదప 'స్కై అండ్ టెలిస్కోప్' పత్రికకు చెందిన డెన్నిస్ డి చిక్కో హెర్నాండెజ్‌కు పోయి, ఆడమ్స్ నిలిచిన చోటును మరింత నిశితముగా పరిశీలించి, 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలము 4 గంటల 49 నిమిషముల 20 సెకనులని సవరించి 1991లో ప్రకటించెను. కెమెరా నిలిచిన స్థానమును నిర్ణయించుటలో కొలది భేదమే లెక్కను ఒక దినము మార్చినది.

తిథియు, కొండ ఎత్తును

హెర్నాండెజ్‌లోని చంద్రుడు నిండు చంద్రుడు కాదని చెప్పితిని గదా. ఈ విద్యకు ఆయువుపట్టు అక్కడనే ఉన్నది. పున్నమినాడు సూర్యుడు అస్తమించు వేళకే చంద్రుడు ఉదయించును. దిగంతము చదునైన సముద్రతీరమున అయినచో కొన్ని నిమిషములపాటు నేలమీద సంధ్యయు నింగిలో చంద్రుడును కలిసియుందురు. కొండ అడ్డమున్నచోట చంద్రుడు కొండను దాటి వచ్చుసరికి సంధ్య ముగిసి నేల చీకటిపడును. పిమ్మట తీసిన ఫొటోలో నల్లని ముద్దయు తెల్లని చుక్కయు తప్ప ఏమి మిగులును?

మన పంచాంగము ఇక్కడ ఫొటోగ్రాఫరునకు చేతికర్ర. సూర్యచంద్రుల నడుమ ఎడము 12 డిగ్రీలు పెరిగిన ఒక తిథి గడచినదని పంచాంగకర్తల లెక్క. ఆకాశము గంటకు 15 డిగ్రీలు తిరుగుచున్నట్లు కనబడును గనుక ఒక తిథి వెనుకకు పోయినచో చంద్రోదయము సుమారు 48 నిమిషములు ముందునకు వచ్చును. శుక్ల చతుర్దశినాడు చంద్రుడు లేచునప్పటికి సూర్యుడు ఇంకను పడమట ఉండి, తూర్పుకొండ ముఖమును పసుపువన్నె ఎండలో ముంచియుండును. కొండ ఎత్తుగా ఉన్నచో మరియొక తిథి వెనుకకు పోవలెను. చేయి చాచి పిడికిలి పట్టినచో ఆ పిడికిలి ఆకాశమున సుమారు 10 డిగ్రీలను కప్పును. తెలుగునాట చంద్రుడు ఆ 10 డిగ్రీలు పైకెక్కుటకు 40 నిమిషములకు కొంచెము పైగా పట్టును, అనగా దాదాపు ఒక తిథి భేదమంత. కావున మనము నిలిచిన చోటనుంచి కొండ ఎన్ని పిడికిళ్ల ఎత్తున్నదో చూచుకొని, చతుర్దశినుంచి అన్ని తిథులు వెనుకకు లెక్కించుట మంచి మోటులెక్క. హార్స్లీ కొండల పాదమున నిలిచి చూచువానికిని, పది కిలోమీటర్ల దూరమునుంచి ఆ కొండలనే చూచువానికిని మంచి తిథి ఒక్కటి కాకపోవుటకు కారణము ఇదియే.

ఆడమ్స్ రెండు ప్రసిద్ధచిత్రములను పక్కపక్కన పెట్టిన ఈ లెక్క కన్నులకు కట్టును. హెర్నాండెజ్‌లో పర్వతములు దూరమున, పొట్టిగా, దిగంతమును అంటిపెట్టుకొనియున్నవి; పూర్ణిమకు రెండు దినముల ముందరి చంద్రుడు అక్కడ సరిపోయెను. 1960 డిసెంబరు 28న కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయనుంచి ఆయన హాఫ్ డోమ్ అను శిలాశిఖరమును చంద్రునితో కలిపి చిత్రించెను. ఆ శిఖరము లోయ అడుగునుంచి దాదాపు 1,500 మీటర్ల ఎత్తు నిలువుగా లేచియుండును. దానిని దాటి చంద్రుడు పైకి రావలెను, వచ్చినప్పుడు రాతిముఖముపై ఎండ ఇంకను ఉండవలెను. అందుచేతనే ఆ చిత్రములోని చంద్రుడు పూర్ణిమకు దాదాపు నాలుగు దినముల ముందరివాడు.

నిండని చంద్రునిలో మరియొక లాభము కలదు. పున్నమినాడు ఎండ చంద్రునిపై ఎదురుగా, మన వీపు వెనుకనుంచి వచ్చినట్లు పడును గనుక అక్కడి గుంటలకు, కొండలకు నీడలు కనబడవు. ముఖమంతయు చదునుగా తోచును. అష్టమి మొదలు ఏకాదశి వరకు వెలుగుచీకట్ల సరిహద్దురేఖ చంద్రునిపై నడచుచు, అక్కడ ఎండ ఏటవాలుగా పడుటచే ప్రతి మిట్టయు పొడవైన నీడను పరచును. 5 కిలోమీటర్లు మించిన శిఖరములుగల చంద్రుని ఎపెనైన్ పర్వతపంక్తి, శుక్లాష్టమి ప్రాంతమున ఆ రేఖచెంత ఎండలో పొడగట్టును. 1609లో గెలీలియో తన దూరదర్శినిలో, రేఖకు ఆవల చీకటిలో మెరయు శిఖరాగ్రములను చూచియే చంద్రునిపై కొండలున్నవని గ్రహించి, వాని ఎత్తును లెక్కగట్టెను. పొడవైన లెన్సుగలవారు భూమిమీది కొండతోపాటు చంద్రునిమీది కొండను కూడ ఒకే చట్రములో చూపగలరు. అయితే అర్ధచంద్రుని వెన్నెల, నిండు వెన్నెలలో సగము గాక పదవవంతు మాత్రమే యుండునని మరువరాదు. వెలుగుభాగము సగమగుటయే గాక, మిగిలినదానిలోను నీడలు నిండియుండుట దీనికి ముఖ్యకారణము. అందుచే అతనిని కొంత ఎక్కువసేపు చూపవలసియుండును.

నక్షత్రముల వంతు

చంద్రునితోపాటు నక్షత్రములును రావలెనని కోరుట అందరికి సహజము. నక్షత్రములు దవ్వున ఉన్న సూర్యులే యైనను మనకు అందు వెలుగు అత్యల్పము. 1850లో హార్వర్డు వేధశాలయందు బాండ్, విపిల్ అనువారు అభిజిత్ నక్షత్రమును మొట్టమొదట ఫొటోకు ఎక్కించినప్పుడు, గొప్ప దూరదర్శినిని వాడియు 100 సెకనులు తెరచియుంచవలసివచ్చెను. నేటి కాంతిఫలకములు అంతకంటె ఎంతో చురుకైనవి. అయినను ద్వారమును బార్లా తెరచి 15, 20 సెకనులు చూపనిదే పాలపుంత రాదు. అంత కాలమున చంద్రుడు ఏమగునో పాఠకులే ఊహింపగలరు.

కాలము పెంచినకొలది మరియొక చిక్కు ఎదురగును. భూమి తిరుగుచుండుటచే చుక్కలు సాగి గీతలగును. వాడుకలోనున్న మోటుసూత్రము ప్రకారము 500ను నాభ్యంతరముచే భాగించిన ఎన్ని సెకనులు వచ్చునో అంతవరకే చుక్క చుక్కగా నిలుచును: 24 మిల్లీమీటర్ల లెన్సునకు 20 సెకనులు, 100 మిల్లీమీటర్ల లెన్సునకు 5 సెకనులు. వేధశాలలలో ఈ చిక్కును గడియారపు యంత్రముచే తీర్తురు; భూమి ఎంత వేగమున తిరుగునో అంత వేగమున దూరదర్శిని ఎదురు తిరుగును. 1887లో పారిస్ నగరమున సమావేశమైన ఖగోళజ్ఞులు ఆకాశమునంతటిని ఫొటోలుగా తీసి పటము వ్రాయుటకు పూనుకొని, ఖండములుగా పంచుకొనగా, ఆ పనిలో ఒక భాగము పిమ్మట మన హైదరాబాదులోని నిజామియా వేధశాలకును వచ్చినది. దక్షిణాకాశమున 17 నుంచి 23 డిగ్రీల వరకు గల పట్టీని బేగంపేటనుంచి గాజుపలకలపై చిత్రించి, ఒక్కొక్క చుక్క స్థానమును కొలిచి గ్రంథములుగా ప్రకటించిరి. టి.పి. భాస్కరన్ మున్నగువారు దశాబ్దములపాటు సాగించిన ఈ పనిని మనవారు తగినంతగా తలచుకొనకపోవుట విచారకరము. ఆ వేధశాలలో పనిచేసిన తండ్రి చెంత పెరిగిన బాలుడే తరువాత భారత ఖగోళభౌతిక సంస్థను తీర్చిదిద్దిన వైను బప్పు.

కాని పర్వతమును కలిపి తీయువానికి గడియారయంత్రము సగమే సాయపడును. కెమెరా చుక్కలవెంట తిరిగినచో చుక్కలు నిలుచును, కొండ జరిగి చెదరును. అందుచే చాలమంది ఆకాశమునకొకటి, నేలకొకటి రెండు ఫొటోలు తీసి కలుపుదురు. ఒకే చోట, ఒకే కటకముతో, ఒకే రాత్రి తీసి కలిపినచో నాకు అభ్యంతరము లేదు. తీసినవాడు ఆ సంగతి చెప్పవలెను. గీతలను తొలగించుటకు బదులు గీతలనే కోరువారును కలరు. వారు కెమెరాను ఉత్తరమునకు త్రిప్పి గంటలకొలది చూపగా, చుక్కలన్నియు ధ్రువుని చుట్టును వలయములు వ్రాయును. ధ్రువుని ఎత్తు ఆ ఊరి అక్షాంశమే గనుక హైదరాబాదులో ఆ వలయముల నడిబొడ్డు 17 డిగ్రీల ఎత్తునను, లడాఖులోని హాన్లేలో దాదాపు 33 డిగ్రీల ఎత్తునను నిలుచును.

హాన్లే పేరు ఎత్తితిని గనుక అక్కడి గాలిని గూర్చి ఒక్కమాట. సముద్రమట్టమునకు సుమారు 5,500 మీటర్ల ఎత్తునకు పోయినచో భూవాయువులో సగము మన కాలిక్రిందనే ఉండును. భారత ఖగోళభౌతిక సంస్థ వేధశాల హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి ‘చంద్ర’ అను పేరుగల రెండు మీటర్ల దూరదర్శినిని బెంగుళూరు చెంతనున్న హోసకోటెనుంచి ఉపగ్రహము ద్వారా నడుపుదురు. గాలి పలుచన, తేమ స్వల్పము, దీపములు అరుదు. కావున అక్కడి చుక్క మినుకుటయు తక్కువ. 2022లో ఆ ప్రాంతమును చీకటి ఆకాశపు రక్షితప్రదేశముగా ప్రకటించి, వీధిదీపములను క్రిందికి వంచుట, కిటికీలకు తెరలు వేయుట మున్నగు నియమములను గ్రామస్థులతో కలిసి అమలుపరచుచున్నారు. మన పట్టణముల ఆకాశమునుంచి పాలపుంత తప్పిపోయినది చుక్కలు తగ్గుటచే గాదు, మనము దీపములను ఆకాశమునకు చూపుటచే.

నెలవంకతో సంధి

వెన్నెలయు చుక్కలును బొత్తిగా పొసగవని అనుకొనరాదు. నిండు వెన్నెలలో 20 సెకనులు తెరచి తీసిన కొండ ఫొటోను చూచినచో, ఆకాశము నీలముగాను, గడ్డి పచ్చగాను, పట్టపగలువలె ఉండి, ఆ నీలములో చుక్కలు పొదిగియుండును. వెన్నెల ఎండయే గనుక, పగటి ఎండను చెదరగొట్టి నీలము చూపు గాలి రాత్రి ఎండను కూడ అట్లే చెదరగొట్టును. ఆ రంగులు మనకు కనబడకపోవుటకు కారణము, మందకాంతిలో పనిచేయు మన కంటికణములకు రంగు తెలియకపోవుట. కాని అంత వెన్నెలలో పాలపుంత వెలవెలబోవును. చుక్కలును చెడక కొండయు తెలియవలెనన్న శుక్ల చవితి, పంచమి ప్రాంతపు చంద్రుడు మేలు: అతడు పడమటి దిక్కున, కెమెరాకు వెనుకగానో ప్రక్కగానో ఉండి కొండకు పలుచని వెలుగునిచ్చి, రాత్రి ముదిరినంతనే అస్తమించి ఆకాశమును చుక్కలకు విడిచిపెట్టును.

విదియ, తదియలనాటి నెలవంకను కొండపై చట్రములో నిలుపువారికి మరియొక కానుక కలదు. వంక నడుమ చంద్రుని మిగిలిన గుండ్రము బూడిదవన్నెలో మసకగా కనబడుచుండును. అది భూకాంతి. అక్కడనుంచి చూచినచో భూమి, మనకు చంద్రుడు కనబడుదానికంటె 13 రెట్లు పెద్ద విస్తీర్ణముతో, దాదాపు నిండుగా వెలుగుచుండును. అంతేగాక మేఘములు, మంచు ఉండుటచే తనపై పడిన ఎండలో నూటికి సుమారు 30 పాళ్లు మళ్లించును. ఆ వెలుగు చంద్రుని చీకటిభాగముపై పడి మరల మనకు చేరుచున్నదని 16వ శతాబ్దపు తొలినాళ్లలో లియొనార్డో దా వించి తన వ్రాతపుస్తకములో వివరించెను. దీనిని పట్టుటకు సూర్యుడు అస్తమించి సుమారు అరగంట కాగానే, ఆకాశములో నీలము ఇంకను ఉండగా, కెమెరాను త్రికాలిపై బిగించి, ద్వారము ఎఫ్/2.8, వేగము 400, కాలము రెండు సెకనుల లోపుగా ఉంచవలెను. ఎండపడుచున్న సన్నని వంక తెల్లబడి కొంత లావెక్కును. దానిని ఆ మేరకు వదలుకొనవలసినదే. అప్పుడు పడమటి కొండ అంచు, బూడిదవన్నె గుండ్రము, ఆ నీలములో తొలిచుక్కలు ఒకే తెరపునకు అందును.